స్నేహితుడి హోటల్‌కు అప్పిచ్చాం, యూసీసీ ఫైల్ చేయమంటున్నారు. చేస్తే ఆయన్ని అవమానించినట్టా?

ప్రశ్న:

అయ్యా, మీకు నమస్కారం. మేము టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటాం. మావారికి ఒక చిన్ననాటి స్నేహితుడు ఉన్నారు. ఇద్దరిదీ ఒంగోలే. ఆయన్ని నేనూ అన్నయ్య అనే పిలుస్తాను. మూడేళ్లుగా ఇక్కడ హోటల్ నడుపుతున్నారు. బోర్డు మీద వాళ్ళ అమ్మగారి పేరు పెట్టుకున్నారు. కంపెనీ మాత్రం ఎవరో చెబితే డెలవేర్ రాష్ట్రంలో ఎల్‌ఎల్‌సీగా (లిమిటెడ్ లయబిలిటీ కంపెనీగా) పెట్టారట. వంటగది మార్చుకోవాలని అప్పు అడిగితే 70 వేల డాలర్లు ఇచ్చాం. చెక్కు నేరుగా సామాన్లు అమ్మే దుకాణం పేరునే రాశాం. పెద్ద దోసె పెనం, వెట్ గ్రైండర్లు, తందూరు, ఫ్రిజ్‌లు, పొగ లాగే హుడ్ కొన్నారు. అవి దిగి 11 రోజులైంది. బిల్లు ఎల్‌ఎల్‌సీ పేరు మీద ఉంది. ఈ అప్పు తీరేవరకు ఈ సామాన్లు మాకు తాకట్టు అని అన్నయ్య కాగితం రాసి సంతకం పెట్టారు. నోటరీ కూడా చేయించాం.

ఇప్పుడు తెలిసిన ఒకాయన, ఆ హోటల్‌కు రెండేళ్ల క్రితమే వేరే సంస్థ అప్పిచ్చిందనీ, హోటల్లో ఉన్నవాటి మీదా ఇక ముందు కొనబోయేవాటి మీదా వాళ్ళు యూసీసీ ఫైల్ చేశారనీ, మేము కూడా వెంటనే చేయకపోతే మా కాగితం చెల్లదనీ అంటున్నారు. మావారేమో "వాడి మీద గవర్నమెంటు ఆఫీసులో కాగితం పెట్టి రేపు వాడి ముఖం ఎలా చూడను?" అని బాధపడుతున్నారు. నోటరీ కాగితం చాలదా? ఇది కేసు పెట్టడం లాంటిదా? ఎక్కడ, ఎవరి పేరు మీద పెట్టాలి?

– ఒక సోదరి, ఇర్వింగ్

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం అందిన రోజే ఇది రాస్తున్నాను. అందులో నన్ను కంగారుపెట్టిన మాట ఒకటుంది: సామాన్లు దిగి 11 రోజులైంది. మీ చేతిలో ఇంకా తొమ్మిది రోజులున్నాయి. అవి ఎందుకంత విలువైనవో ముందు చెప్పి, మిగతాది తర్వాత చెబుతాను.

అమెరికాలోని 50 రాష్ట్రాలూ అమలు చేస్తున్న యూనిఫాం కమర్షియల్ కోడ్‌లో, అంటే మీరు విన్న ఆ యూసీసీలో, ఆర్టికల్ 9 అని ఒక భాగం ఉంది. ఇళ్లూ స్థలాలూ కాకుండా, కదిలే సొత్తు తాకట్టు మీద ఇచ్చే అప్పులు చాలావరకు దాని కిందికి వస్తాయి. ఫైల్ చేయడమంటే, ఫలానా వస్తువుల మీద మాకు తాకట్టు ఉందని ప్రభుత్వ రికార్డులో పత్రం పెట్టడం. మామూలుగా అక్కడ ఎవరు ముందు ఫైల్ చేస్తే వాళ్ళదే మొదటి హక్కు. ఆ లెక్కన రెండేళ్ల క్రితం ఫైల్ చేసిన సంస్థ ముందుంటుంది, మీరు వెనక ఉంటారు. అయితే ఒక వస్తువు కొనడానికే డబ్బిచ్చి, ఆ డబ్బుతో ఆ వస్తువునే కొన్నప్పుడు చట్టం ఒక మినహాయింపు ఇచ్చింది. వ్యాపారంలో వాడుకునే పరికరాల విషయంలో, వస్తువు చేతికి వచ్చిన 20 రోజుల లోపల మీరు ఫైల్ చేస్తే, ఆ వస్తువు వరకు ముందున్న సంస్థ కన్నా మీదే పైచేయి అవుతుంది. వాళ్ళకు విడిగా నోటీసు పంపనక్కర్లేదు. దుకాణంలో అమ్ముకునే సరుకైతే పంపాలి, కానీ మీ పెనమూ గ్రైండర్లూ అమ్మకపు సరుకు కాదు కదా. మీరు చెక్కు నేరుగా దుకాణం పేరున రాయడం చాలా మంచిదైంది. మీ డబ్బే సామాన్లుగా మారిందని ఎవరికైనా చూపించవచ్చు.

సామాన్లన్నీ ఒకే రోజు దిగాయా, విడివిడిగా వచ్చాయా? డెలివరీ రసీదులు తెప్పించుకుని చూడండి. తొలి వస్తువు దిగిన తేదీ నుంచే లెక్క వేసుకోండి. 20 రోజులు దాటినా ఫైల్ చేయడం వృథా కాదు. తర్వాత వచ్చే అప్పులవాళ్ళ కన్నా ముందుంటారు. ఆ పాత సంస్థను దాటే అవకాశం మాత్రం పోతుంది.

ఇక మీ మొదటి ప్రశ్న, నోటరీ కాగితం చాలదా అని. మీకూ అన్నయ్యకూ మధ్య ఒప్పందంగా కాగితం చాలు. ఫైల్ చేయనంత మాత్రాన అది చెల్లదని మీకు చెప్పినాయన మాట సరికాదు. మీ కాగితంలో వేరే లోపం ఒకటుంది, అది తర్వాత చెబుతాను. అయితే నోటరీ చెప్పేది ఆ సంతకం ఫలానావారిదే అని మాత్రమే. మీ ఇద్దరికీ సంబంధం లేని మూడో మనిషికి ఆ కాగితం సంగతి ఎలా తెలుస్తుంది? మన దగ్గర పొలమో ఫ్లాటో కొనేవాళ్ళు ముందుగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయిస్తారు, దాని మీద ఎవరి తాకట్టు ఉందో చూసుకోవడానికి. యూసీసీ రికార్డు అచ్చంగా గ్రైండర్లకూ ఫ్రిజ్‌లకూ ఈసీ లాంటిది. అందులో మీ పేరు లేకపోతే, బయటివాళ్ళ దృష్టిలో ఆ సామాన్ల మీద మీ తాకట్టు లేనట్టే.

ఇది ఎంత పాత సమస్యో చూడండి. 1601లో ఇంగ్లండులో పియర్స్ అనే అతను ట్వైన్ అనే అతనికి 400 పౌండ్లు బాకీ పడ్డాడు. మరొకరికి 200 బాకీ. ఆ రెండో మనిషి కోర్టుకు వెళ్ళేసరికి, పియర్స్ తన సొత్తంతా గుట్టుగా ట్వైన్‌కు రాసిచ్చేశాడు. రాసిచ్చాడే గానీ గొర్రెలు తన దగ్గరే ఉన్నాయి, ఉన్ని తనే కత్తిరించుకున్నాడు, వాటి మీద తన గుర్తే వేసుకున్నాడు. చూసేవాళ్ళకు అవి పియర్స్ గొర్రెలే. కోర్టు ఆ రహస్య బదిలీని మోసమని కొట్టేసింది. ఆ హోటల్ వంటగదిలోకి తొంగిచూసేవాళ్ళకు కూడా ఆ దోసె పెనం అన్నయ్యదిగానే కనిపిస్తుంది. దాని మీద మీ తాకట్టు ఉందని ఎక్కడో ఒకచోట అందరికీ కనిపించేలా రాసి ఉండాలి.

నేను న్యాయవాదిని కాను. పాతికేళ్లుగా ఇక్కడ మనవాళ్ళ చిన్న వ్యాపారాల లెక్కలు రాస్తున్నాను. చాలా ఏళ్ల క్రితం ఒక పెద్దాయన, బావమరిది దుకాణానికి అప్పిచ్చిన కాగితం నా బల్ల మీద పెట్టారు. ప్లాస్టిక్ కవర్లో భద్రంగా దాచారు. ఒక మూల నోటరీ ముద్ర ఉబ్బెత్తుగా, వేలితో తడిమితే తగిలేలా ఉంది. అప్పటికి ఆ దుకాణం దివాలా తీసింది. దివాలా వ్యవహారం చూసే ట్రస్టీ ఆయన్ని మర్యాదగా ఒకే ఒక ప్రశ్న అడిగారట: "దీన్ని ఎప్పుడు, ఎక్కడ ఫైల్ చేశారు?" ఫైల్ చేయలేదు. అలా ఫైల్ చేయని తాకట్టును పక్కకు నెట్టేసే అధికారం దివాలా చట్టం ట్రస్టీకి ఇచ్చింది. దుకాణంలోని సామాన్లు అమ్మగా వచ్చిన డబ్బులో పెద్దాయన తాకట్టు లేని మామూలు అప్పులవాళ్ళ వరుసలో చివరన నిలబడ్డారు. బావమరిది ఆయన్ని మోసం చేయలేదు. ఇద్దరూ కూర్చుని ఏడ్చారు. నేను చూశాను.

మీవారికి ఈ సంగతి చదివి వినిపించండి. ఫైల్ చేయడమంటే స్నేహితుణ్ణి అనుమానించినట్టు కాదు. ఇందులో ఆరోపణ లేదు, జడ్జి లేరు, సమన్లు రావు. ఆ పత్రంలో ఎంత అప్పిచ్చారో రాయాల్సిన పని కూడా లేదు. ఎవరు తీసుకున్నారు, ఎవరు ఇచ్చారు, ఏయే వస్తువుల మీద అన్నది మాత్రమే ఉంటుంది. కారు లోనుతో కొంటే ఆర్‌సీ మీద బ్యాంకు పేరు పడుతుంది. అందుకని కారు యజమాని పరువు పోయిందని మనం అనుకోం. అన్నయ్యకు రేపు పరిస్థితి తలకిందులైతే, ఆ సామాన్లు ఎవరో తెలియని సంస్థ పట్టుకుపోవడం కన్నా మీ చేతికి రావడమే ఆయనకూ మేలు. మీరు ఆయన మీద ఒత్తిడి తేరు, మళ్ళీ నిలదొక్కుకోవడానికి గడువిస్తారు. ఆ సంస్థ ఇస్తుందా?

ఇప్పుడు అసలు పని. మీ కాగితంలో ఉందన్న లోపం పెద్దదే, ఫైలింగ్ కన్నా ముందు దాన్ని సరిచేయాలి. సామాన్ల యజమాని ఎల్‌ఎల్‌సీ, బిల్లు దాని పేరు మీదే ఉంది. తాకట్టు కాగితం మీద సంతకం మాత్రం అన్నయ్య సొంత హోదాలో పెట్టారు. తనది కానిదాన్ని ఎవరూ తాకట్టు పెట్టలేరు. కాబట్టి ఎల్‌ఎల్‌సీయే తాకట్టు ఇస్తున్నట్టు కొత్త ఒప్పందం రాయించి, మేనేజర్ హోదాలో ఆయన చేత సంతకం పెట్టించుకోండి. వ్యక్తిగతంగా కూడా బాకీకి పూచీ ఉంటానని ఆయన అంటే అదీ అందులో చేర్చవచ్చు. ఒప్పందంలో సామాన్లను ఒక్కొక్కటిగా, మోడల్ నంబరూ సీరియల్ నంబరూ వేసి రాయండి. "హోటల్ ఆస్తులన్నీ" అని ఒక్క ముక్కలో రాస్తే ఒప్పందంలో అది చెల్లదు. యూసీసీ పత్రంలో అలా రాయడానికి చట్టం ఒప్పుకుంటుంది గానీ మీరు అక్కడా ఆ పని చేయకండి. మీరు డబ్బిచ్చింది కొన్ని సామాన్లకే, వాటినే చూపించండి. కొత్త ఒప్పందం, ఫైలింగ్ రెండూ ఆ 20 రోజుల లోపలే పూర్తవ్వాలి.

ఎక్కడ ఫైల్ చేయాలన్న దగ్గర మనవాళ్ళు ఎక్కువగా పొరబడతారు. హోటల్ టెక్సస్‌లో ఉంది, సామాన్లు టెక్సస్‌లో ఉన్నాయి, మీరూ టెక్సస్‌లోనే ఉన్నారు. అయినా ఫైల్ చేయాల్సింది డెలవేర్‌లో. కార్పొరేషన్, ఎల్‌ఎల్‌సీ లాంటివి ఏ రాష్ట్రంలో పుట్టాయో ఆ రాష్ట్రమే వాటి చిరునామా అని ఆర్టికల్ 9 చెబుతుంది. కాబట్టి యూసీసీ-1 అనే పత్రం డెలవేర్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయానికి వెళ్ళాలి. గడువు దగ్గరపడింది కనుక పోస్టును నమ్ముకోకుండా, ఈ పనే వృత్తిగా చేసే ఫైలింగ్ సేవా సంస్థ ద్వారా పంపించండి. హుడ్ సంగతి కొంచెం వేరు. గోడకూ పైకప్పుకూ బిగించినవి భవనంలో భాగమని భవనం మీద అప్పిచ్చినవారు వాదించవచ్చు. అలాంటివాటికి భవనం ఉన్న కౌంటీలో భూమి రికార్డుల దగ్గర మరో ఫైలింగ్ ఉంటుంది. మీ లాయరును ఈ ఒక్కటీ ప్రత్యేకంగా అడగండి. ముందు ముందు క్యాటరింగ్ కోసం వ్యాన్ కొనడానికి కూడా డబ్బిస్తే, దానికి యూసీసీ పనికిరాదు. వ్యాన్ టైటిల్ పత్రం మీద మీ పేరు ఎక్కించాలి.

పేరు విషయంలో దయచేసి నా మాట వినండి. యూసీసీ-1లో మొదటి గడి అప్పు తీసుకున్నవారి పేరుది. అందులో 1ఎ సంస్థలకు, 1బి వ్యక్తులకు. మీరు 1ఎ నింపాలి. అందులో రాయాల్సింది బోర్డు మీది పేరు కాదు, వాళ్ళ అమ్మగారి పేరు ఎంత అందంగా ఉన్నా సరే. కరెంటు బిల్లు మీది పేరూ కాదు, బ్యాంకు ఖాతా మీది పేరూ కాదు. ఎల్‌ఎల్‌సీ పెట్టినప్పుడు డెలవేర్‌లో దాఖలైన సర్టిఫికెట్ మీద ఏ అక్షరాలున్నాయో అవే ఎక్కించాలి. కార్యాలయంలో రికార్డులు పేరు మీదే వెతుకుతారు. సరైన పేరుతో కంప్యూటర్లో వెతికినప్పుడు మీ పత్రం కనిపించకపోతే, అంతటి శ్రమా చెల్లకుండా పోయినట్టే.

మీకు నేరుగా అవసరం లేకపోయినా ఇంకో మాట చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు చాలామంది కంపెనీ లేకుండా సొంత పేరు మీదే వ్యాపారం చేస్తున్నారు. వ్యక్తికి అప్పిస్తే ఆయన నివాసం ఉండే రాష్ట్రంలో ఫైల్ చేయాలి. టెక్సస్ సహా చాలా రాష్ట్రాల్లో డ్రైవింగ్ లైసెన్సు మీద ఉన్న పేరే రాయాలి. తెలుగు పేర్లకు ఇక్కడే చిక్కు. ఇంటిపేరు ముందు రాసేవాళ్ళం, వెనక రాసేవాళ్ళం, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినవాళ్ళం, వెంకట నాగేశ్వరరావును ఒకచోట మూడు ముక్కలుగా, మరోచోట ఒకే ముక్కగా రాసినవాళ్ళం. లైసెన్సు మీద మొదటి పేరుకు బదులు ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడిన కుర్రాళ్ళు నాకే పదిమంది తెలుసు. ఊరంతా ఆయన్ని నాగు అని పిలవచ్చు. ఫారం 1బిలో ఇంటిపేరు, మొదటి పేరు, మిగతా పేర్లు అని విడివిడి గడులు ఉంటాయి. లైసెన్సు పక్కన పెట్టుకుని అందులో ఏది ఎక్కడుందో అలాగే దించండి. కాన్సాస్‌లో ఒక రైతు అసలు పేరు టెరెన్స్. వ్యవసాయ సామగ్రికి అప్పిచ్చిన పెద్ద కంపెనీ అందరూ పిలిచినట్టే టెరీ అని ఫైల్ చేసింది. రైతు దివాలా తీశాక, ఆ పత్రం దారితప్పించేలా ఉందని 2004లో అప్పీలు కోర్టు తేల్చింది. ఒక్క ముద్దుపేరు వల్ల తాకట్టు పోయింది.

ఫారంలో మిగతా భాగం సులభమే. మూడో గడిలో మీవారి పేరూ చిరునామా, నాలుగో గడిలో సామాన్ల జాబితా. సోషల్ సెక్యూరిటీ నంబర్లు ఎక్కడా రాయవద్దు. ఈ పత్రం ఎవరైనా చూడవచ్చు. యూసీసీ-1 మీద అన్నయ్య సంతకం అక్కర్లేదు. తాకట్టు ఒప్పందం మీద ఎల్‌ఎల్‌సీ సంతకం ఉంటే ఫైల్ చేయడానికి అదే అనుమతి. అయినా ఆయనకు చెప్పకుండా మాత్రం చేయకండి. ఎందుకంటే ఫైల్ అయిన కొద్ది రోజులకు హోటల్‌కు ప్రభుత్వ కాగితంలా కనిపించే ఉత్తరం ఒకటి రావచ్చు, యూసీసీ నకలు కావాలంటే ఇంత పంపండి అని. అలాంటివి పంపేది ప్రైవేటు సంస్థలు. డబ్బు కట్టనవసరం లేదని ఆయనకు ముందే చెప్పండి.

అన్నయ్యతో మాట్లాడేటప్పుడు మరో విషయం అడగాలి. పాత సంస్థ అప్పు పత్రంలో, మరెవరికీ తాకట్టు పెట్టకూడదన్న షరతు ఉందేమో ఆయన్ని చూడమనండి. చాలా పత్రాల్లో ఉంటుంది. ఉంటే, మీకు తాకట్టు ఇచ్చారన్న కారణంతోనే వాళ్ళు మొత్తం బాకీ ఒక్కసారిగా కట్టమనవచ్చు. అప్పుడు వాళ్ళ అనుమతి తీసుకునే మార్గం లాయరు చెప్పాలి. మీరు పెట్టింది 70 వేల డాలర్లు. లాయరుకు రెండు మూడు గంటల ఫీజు దగ్గర లెక్క చూసుకోకండి.

ఫైలింగ్ అయిదేళ్లు నిలుస్తుంది. అప్పటికీ బాకీ మిగిలితే, గడువు ముగిసే ముందు ఆరు నెలల్లోనే కొనసాగింపు పత్రం దాఖలు చేయాలి. ఆ ఆరు నెలలకన్నా ముందు పంపినా చెల్లదు. ఫోనులో ఇప్పుడే గుర్తు పెట్టుకోండి.

బాకీ తీరాక చేయాల్సిన పని కూడా మీదే. అన్నయ్య రాతపూర్వకంగా అడిగితే 20 రోజుల లోపల రద్దు పత్రం పెట్టాలని చట్టం అంటుంది. మీరు ఆయన అడిగేదాకా ఆగవద్దు. ఆఖరి చెక్కు మారిన వారంలోనే పెట్టేయండి. పాత మచ్చ రికార్డులో మిగిలితే ఆయనకు రేపు బ్యాంకు అప్పు పుట్టడం కష్టమవుతుంది. పెట్టేటప్పుడు మీ ఫైల్ నంబరు అంకె అంకె సరిచూడండి. 2008లో జనరల్ మోటార్స్ ఒక పాత లీజు బాకీ తీర్చినప్పుడు, దానికి సంబంధించిన ఫైలింగులతో పాటు, సంబంధమే లేని దాదాపు 150 కోట్ల డాలర్ల మరో అప్పు ఫైలింగును కూడా పొరపాటున రద్దు జాబితాలో చేర్చారు. రెండువైపులా లాయర్లు ఆ కాగితాలు చూశారు, ఎవరూ పట్టుకోలేదు. మరుసటి ఏడు జూన్‌లో కంపెనీ దివాలాకు వెళ్ళింది. ఆ ఉద్దేశం మాకు లేదు అని అప్పిచ్చిన జేపీ మోర్గాన్ బ్యాంకు వాదించింది. ఆ పత్రం దాఖలు చేయడానికి మీరు అనుమతించారు, రద్దు కావడానికి అది చాలు అని 2015లో అప్పీలు కోర్టు చెప్పింది.

అమ్మా, రేపు సాయంత్రం మీరిద్దరూ కలిసి అన్నయ్య ఇంటికి వెళ్ళండి. ఫోనులో చెప్పే విషయం కాదిది, ఎదురుగా కూర్చుని చెప్పాలి. డెలివరీ రసీదులు, పాత అప్పు పత్రం, డెలవేర్ సర్టిఫికెట్ నకలు మూడూ ఆయన దగ్గరే ఉంటాయి, తీసుకుని రండి. సర్టిఫికెట్ మీద ఎల్‌ఎల్‌సీ ముందు కామా ఉందో లేదో అక్కడే చూసి రాసుకోండి.